మొగలు సూక్ష్మచిత్రం: దర్బారు చూపు, పనివాడి చేయి

శ్రీశ్రీ 'దేశచరిత్రలు' రాసిన దగ్గరనుంచి తెలుగు పాఠకుడికి ఒక మంచి అలవాటు అబ్బింది. ఏ కోటను చూసినా, ఏ సమాధిని చూసినా, కట్టించిన ప్రభువును పక్కనపెట్టి కట్టిన కూలీని గురించి అడుగుతాడు. చాలాచోట్ల ఆ ప్రశ్న ప్రశ్నగానే మిగిలిపోతుంది. రాయి మోసినవాడి పేరు శాసనానికి ఎక్కలేదు. అయితే పదహారో శతాబ్దం చివరి దశాబ్దాల్లో మొగలు చక్రవర్తి పుస్తకశాలలో తయారైన అనేక చిత్రాల్లో ఆ ప్రశ్నకు జవాబు రాసిపెట్టి ఉంది. బొమ్మ కింది అంచున, చిన్న అక్షరాల్లో, ఎర్రసిరాతో రాసి ఉంటుంది: రూపకల్పన ఎవరిది, రంగులు నింపినదెవరు, ముఖాలు తీర్చినదెవరు.

ఈ అక్షరాలు ఎవరు రాశారు, ఎందుకు రాశారు, తర్వాతి కాలంలో చిత్రకారుడి పేరు ఎక్కడికి జరిగింది అన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం.

దర్బారు కళ అనగానే మన విమర్శలో రెండు ధోరణులు కనిపిస్తాయి. రాజులు తమ విలాసం కోసం చేయించుకున్న కళతో మనకేం పని అని తోసిపుచ్చడం మొదటిది. అక్బరు కళాభిరుచి అనీ, జహంగీరు సౌందర్యదృష్టి అనీ, షాజహాను వైభవం అనీ మొత్తం కళనంతా సింహాసనం ఖాతాలో జమకట్టి పరవశించడం రెండోది. పైకి ఈ రెండూ బద్ధవిరోధుల్లా కనిపిస్తాయి. నిజానికి రెండింటికీ పునాది ఒకటే. చేయించినవాడు కనిపించినంతగా చేసినవాడు రెండింటికీ కనిపించడు.

పుస్తకంలో పుట్టిన బొమ్మ

ముందుగా పేరు గురించి ఒక మాట. ఇంగ్లీషులో ఈ చిత్రాలను 'మినియేచర్' అంటారు. చిన్నది అనే అర్థమిచ్చే మాట నుంచి ఇది వచ్చిందని చాలామంది అనుకుంటారు. అసలు మూలం లాటిన్‌లో సింధూరాన్ని చెప్పే 'మినియం' అనే మాట. యూరపులో రాతప్రతుల అక్షరాలకు సింధూరంతో ఎరుపు దిద్దే పనికి ఆ పేరుండేది. ఆ పని నుంచి రాతప్రతుల్లోని బొమ్మకూ, బొమ్మ పరిమాణాన్ని బట్టి చిన్నతనానికీ ఆ మాట పాకింది. మనం సూక్ష్మచిత్రం అంటున్నాం కనుక పరిమాణమే దాని లక్షణమన్న భావం మనకు బలపడింది. పరిమాణం కన్నా ముఖ్యమైనది దాని పుట్టిల్లు. అది పుస్తకంలో పుట్టింది. ఒకరిద్దరు చేతిలో పట్టుకుని, దగ్గరగా తెచ్చుకుని, పేజీ తిప్పుకుంటూ చూసే బొమ్మ అది. పక్కనో వెనకో నస్తాలీఖ్ లిపిలో పారశీక వచనం ఉంటుంది. ఆ వచనం చెప్పే కథలో ఏ ఘట్టానికి బొమ్మ కావాలో పుస్తకశాల నిర్ణయించాక చిత్రకారుడి పని మొదలవుతుంది. కనుక ఇది సాహిత్యాన్ని ఆనుకుని బతికిన కళ. సాహిత్య విద్యార్థి దీన్ని పట్టించుకోవడానికి అంతకన్నా కారణం అక్కరలేదు.

షేర్షా చేతిలో ఓడి దేశం విడిచిన హుమాయూను 1544లో ఇరాను పాలకుడు షా తహ్మాస్ప్ ఆశ్రయం పొందాడు. ఆ కొలువులోని ఇద్దరు చిత్రకారులు, మీర్ సయ్యద్ అలీ, అబ్దుస్ సమద్, తర్వాత కాబూలులో హుమాయూనును చేరి, 1555లో అతను ఢిల్లీని తిరిగి గెలుచుకునే నాటికి అతని వెంట మన దేశానికి వచ్చారు. మరుసటి సంవత్సరం జనవరిలోనే హుమాయూను చనిపోయాడు. పదమూడేళ్ళ అక్బరుకు రాజ్యంతో పాటు ఈ ఇద్దరు గురువులు కూడా వారసత్వంగా దక్కారు.

ఇద్దరు గురువులతో ఒక చిత్రకళా సంప్రదాయం నిలబడదు. పనివాళ్ళు కావాలి. ఆ పనివాళ్ళు ఈ దేశంలోనే దొరికారు. గుజరాతులో జైన గ్రంథాలకు, గ్వాలియరు, మాళవ ప్రాంతాల్లో స్థానిక పాలకులకు బొమ్మలు వేసిన చేతులు అప్పటికే ఉన్నాయి. వాళ్ళలో కొందరు ఏ ఊరినుంచి వచ్చారో వాళ్ళ పేర్లే చెబుతాయి: భీమ్ గుజరాతీ, సూర్‌దాస్ గుజరాతీ, నంద్ గ్వాలియరీ. ఒకే పేరు ఇద్దరికుంటే పెద్దవాడికి 'కలాన్', చిన్నవాడికి 'ఖుర్ద్' అని తగిలించారు. తెలంగాణ గ్రామాల రెవెన్యూ పేర్లలో ఈనాటికీ నిలిచి ఉన్న కలాన్, ఖుర్ద్ అనే మాటలు అవే. భూమిని లెక్కగట్టిన దఫ్తరు భాషే మనిషినీ లెక్కగట్టింది.

ఈ శాల చేపట్టిన మొదటి మహాకార్యం హమ్జానామా. ప్రవక్త పినతండ్రి హమ్జా పేర అల్లుకున్న సాహసగాథల సంపుటి అది. 1562 ప్రాంతంలో మొదలై సుమారు పదిహేనేళ్ళు సాగింది. అబుల్ ఫజల్ లెక్క ప్రకారం 1400 చిత్రాలు. ఒక్కొక్కటి రెండడుగులకు పైగా ఎత్తున, నూలుగుడ్డ మీద గీసినది. 'సూక్ష్మ' చిత్రమన్న పేరు దీనికి ఏ విధంగానూ అతకదు. బొమ్మ ఒక వైపు, కథ రెండో వైపు ఉంటాయి. ఒకరు బొమ్మ ఎత్తి పట్టుకుంటే వెనకనుంచి మరొకరు కథ చదవడానికి అనువైన ఏర్పాటు ఇది. చేర్యాల గుడ్డపటాలను ముందు పెట్టుకుని కులపురాణం చెప్పే కథకుల సంప్రదాయం తెలిసిన తెలుగు పాఠకుడికి దీన్ని ఊహించుకోవడం కష్టం కాదు. ఆ పటాలు గీసేవారిని మనం నకాషీలంటాం. మొగలు దర్బారులో చిత్రకారుణ్ణి పిలిచిన 'నఖ్ఖాష్' అనే పారశీకపు మాటే అది.

కార్ఖానా

ఐనీ అక్బరీలో అబుల్ ఫజల్ ఈ చిత్రశాలను గురించి ఒక అధ్యాయమే రాశాడు. అతను చెప్పిన విషయాల్లో మనం జాగ్రత్తగా గమనించవలసినది ఒకటుంది. ప్రతి వారం దారోగాలు, గుమాస్తాలు ప్రతి పనివాడి పనినీ చక్రవర్తి ముందు పెడతారు. పని నాణ్యతను బట్టి ఆయన బహుమానం ఇస్తాడు, లేదా నెలజీతం పెంచుతాడు. అంటే చిత్రశాల ఒక కార్ఖానా. ఆయుధాలు, గుడారాలు, తివాచీలు, శాలువలు తయారుచేసే కార్ఖానాల వంటిదే ఇదీ. ఇటువంటి శాలలు, కచేరీలు నూటికి పైగా ఉన్నాయని అబుల్ ఫజలే చెప్పాడు. వాటన్నిటికీ డబ్బు భూమి శిస్తు నుంచి వచ్చింది. తోడరుమల్లు కాలపు జబ్తు పద్ధతిలో రాజ్యం అడిగిన భాగం పంటలో మూడోవంతు. దోఆబు రైతు గోధుమ అమ్మి కట్టిన శిస్తు ఖజానాలో చేరి, బదక్షాన్ గనుల లాజవర్దు నీలంగా మారి, హమ్జా కథలో ఆకాశమైంది.

ఒక బొమ్మ తయారీ ఎన్ని చేతులు మారుతుందో చూద్దాం. కాగితం తయారీ ఒకరి పని. పల్చటి కాగితాలను అతికించి దళసరి చేసి, రాయితో రుద్ది నునుపు చేయాలి. ఖనిజాలను నూరాలి: లాజవర్దు నీలం, రాగి ఖనిజం నుంచి ఆకుపచ్చ, హరిదళం నుంచి పసుపు, ఇంగిలీకం నుంచి ఎరుపు, సీసం నుంచి తెలుపు, దీపపు మసి నుంచి నలుపు. నూరిన రంగుకు బంక కలపాలి. ఉడుత తోక వెంట్రుకలతో కుంచెలు కట్టాలి. సన్నని రేఖలతో బొమ్మ గీసుకున్నాక దాని మీద పల్చని తెలుపు పొర వేస్తారు. అడుగున గీత లీలగా కనిపిస్తుంటే దాన్ని మళ్ళీ స్థిరంగా గీస్తారు. అప్పుడు రంగులు పొరమీద పొరగా ఎక్కుతాయి. మధ్యమధ్య బొమ్మను బోర్లించి వెనకనుంచి రాయితో రుద్దుతారు. దానివల్ల రంగు కాగితాన్ని పట్టుకుని, మీనాపని వంటి మెరుపు వస్తుంది. చివర బంగారం. ఆపైన లేఖకుడు, అంచులకు పూలు దిద్దేవాడు, పుస్తకం కుట్టేవాడు ఉండనే ఉన్నారు. ఒక్కడు ఏకాంతంలో కూర్చుని సృష్టించిన కళాఖండం అనే ఆధునిక భావన ఈ శాలకు ఎంత దూరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

తర్హ్, అమల్, ముఖం

ఈ శ్రమవిభజన బొమ్మ లోపలికి కూడా వచ్చింది. ఎర్రసిరా రాతలు చెప్పేది అదే. 'తర్హ్' అంటే రూపకల్పన, మొత్తం బొమ్మ అమరిక. ఇది పెద్ద పనివాడిది. 'అమల్' అంటే ఆ రేఖల మీద రంగు నింపి పని పూర్తిచేయడం. ఇది సాధారణంగా చిన్నవాడిది. కొన్ని చిత్రాల్లో ముఖాలకు మూడో మనిషి పేరు వేరుగా ఉంటుంది. దర్బారులో అందరూ ఎరిగిన ప్రభువుల పోలికలు తప్పకూడదు కనుక ఆ పని పోలిక పట్టడంలో ఆరితేరినవాడికి అప్పగించేవారు.

లండను విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 1896లో కొన్న అక్బర్‌నామా ప్రతిలో 116 చిత్రాలున్నాయి. 1590 తర్వాతి కొద్ది సంవత్సరాల్లో తయారైనవిగా వీటిని లెక్కిస్తారు. వాటిలో ప్రసిద్ధమైనది 1561 నాటి ఘట్టం. ఆగ్రాలో హవాయీ అనే మదపుటేనుగు మీద యువకుడైన అక్బరు కూర్చుని ఉంటాడు. అది మరో ఏనుగును తరుముతూ యమున మీది పడవల వంతెన ఎక్కుతుంది. పడవలు కుంగుతుంటాయి, మనుషులు నీళ్ళలో పడి ఈదుతుంటారు. తర్హ్ బసావన్‌ది, అమల్ చేతర్‌ది. ఆ కదలికను ఊహించినది బసావన్. కుంగిన పడవ చెక్కకూ, నురగకూ, ఏనుగు చర్మానికీ ప్రాణం పోసినది చేతర్. ఏ ఒక్కరిని తీసేసినా ఆ బొమ్మ లేదు.

ఇంతకూ ఈ పేర్లు ఎందుకు రాశారు? కళాకారుడి వ్యక్తిత్వాన్ని గౌరవించడానికే అనుకుంటే ఆనాటి వ్యవస్థకు మన కాలపు విలువను అంటగట్టినట్టవుతుంది. రాసినవాడు పుస్తకశాల గుమాస్తా. చిత్రకారుడి సంతకాలు కావవి. వారం వారం పని చూపించి జీతం, బహుమానం నిర్ణయించే పద్ధతిలో ఎవడు ఏ పని చేశాడో లెక్క ఉండాలి. కొన్ని పుస్తకాల్లో బైండు కట్టేటప్పుడు కాగితం అంచులు కత్తిరిస్తే ఈ రాతలు సగం తెగిపోయాయి కూడా. వాటిని చదువరి చూడాలన్న ఉద్దేశం ఎవరికీ లేదనడానికి ఇదొక్కటే చాలు. కీర్తికోసం చెక్కించిన శాసనాలెన్నో శిథిలమయ్యాయి. జీతం లెక్కకోసం గీకిన అక్షరాలు మాత్రం మనకు ఒక కళాకారుల సముదాయాన్నే మిగిల్చాయి.

ఆ సముదాయం ఎటువంటిదో కూడా గమనించాలి. అబుల్ ఫజల్ తన అధ్యాయంలో పేరుపెట్టి చెప్పిన చిత్రకారులు పదిహేడుగురు. ఇద్దరు ఇరానీ గురువుల తర్వాత దస్వంత్, బసావన్, కేసు, లాల్, ముకుంద్, మధు, జగన్, మహేశ్, ఖేమ్‌కరణ్, తారా, సాన్వలా, హరిబంస్, రామ్ ఉన్నారు. ఫరుఖ్ ఉన్నాడు, మిస్కీన్ ఉన్నాడు. హిందూ చిత్రకారుల పనికి సాటి ప్రపంచంలోనే అరుదని అబుల్ ఫజల్ మెచ్చుకున్నాడు. ఆనందకుమారస్వామి 1916లో రాజపుత్ చిత్రకళ మీద తన ప్రసిద్ధ గ్రంథం వెలువరిస్తూ, మొగలు చిత్రకళ దర్బారుకు, వ్యక్తిచిత్రణకు చెందినదనీ, రాజపుత్ చిత్రకళ మతానికి, జనజీవనానికి చెందినదనీ గీత గీశాడు. అంతవరకు ఎవరూ లెక్కచేయని రాజపుత్ చిత్రాలను వెలుగులోకి తేవడం ఆయన చేసిన గొప్ప మేలు. అయితే ఆ గీతను తర్వాతివాళ్ళు మతాల మధ్య గోడగా మార్చారు. పుస్తకశాల జీతాల లెక్క ఆ గోడను ఒప్పుకోదు. హమ్జా కథకు బొమ్మలు వేసిన శాలే 1580ల్లో మహాభారతానికి పారశీక వచనం రజ్మనామాకూ బొమ్మలు వేసింది. రాజు కోరి భారతాన్ని తన కొలువు భాషలోకి తెప్పించుకోవడం తెలుగువాళ్ళకు వింత కాదు. ఇక్కడి వింతల్లా, ఆ అనువాదంలో పనిచేసిన బదాయూనీ అనే పండితుడు ఆ పనిని ఏవగించుకుంటూ చేయడం, చిత్రశాల మాత్రం దాన్ని తన ఉత్తమ కృతుల్లో ఒకటిగా మలచడం. జైపూరులో ఉన్న ఆ ప్రతిలో 169 చిత్రాలున్నాయి.

బోయీ కొడుకు

రజ్మనామా చిత్రాల్లో ఎన్నిటికో తర్హ్ దస్వంత్‌ది. అతను పల్లకీ మోసే కహారు కొడుకు, మన మాటలో బోయీ కొడుకు. గోడల మీద బొమ్మలు గీస్తుంటే అక్బరు కంటపడ్డాడనీ, ఆయన అతణ్ణి అబ్దుస్ సమద్‌కు అప్పగించాడనీ, కొద్దికాలంలోనే అందరినీ మించిపోయాడనీ అబుల్ ఫజల్ రాశాడు. 1584లో దస్వంత్ కఠారితో పొడుచుకుని, కొన్ని రోజుల తర్వాత చనిపోయాడు. మతి చలించిందని అబుల్ ఫజల్ మాట. బోయీ కొడుకు జీవితం గురించి చరిత్రలో మిగిలిన మాట అదొక్కటే, అదీ దర్బారు మాటే.

అతని గురువు అబ్దుస్ సమద్ జీవితాన్ని పక్కన పెట్టి చూస్తే వ్యవస్థ స్వభావం తేటపడుతుంది. ఇరాను నుంచి వచ్చిన ఆ కులీనుడు మన్సబుదారయ్యాడు, ఫతేపూర్ సిక్రీ టంకశాలకు అధిపతి అయ్యాడు, ఆపైన ముల్తాను దివాను అయ్యాడు. అతని కొడుకు జహంగీరు కొలువులో అగ్రశ్రేణి ప్రభువు. చిత్రకళ అతనికి మెట్టు. బసావన్, మిస్కీన్, కేసుదాసులకు చిత్రకళే మెట్టు, చిత్రకళే గది. ప్రతిభకు తలుపు తెరిచిన దర్బారు పుట్టుకను మరిచిపోలేదు. పనితనం కూడా ఇంటివారసత్వంగానే నడిచింది. బసావన్ కొడుకు మనోహర్, ఆకా రిజా కొడుకు అబుల్ హసన్, భవానీదాస్ కొడుకు గోవర్ధన్, అన్నదమ్ములు బాల్‌చంద్, పయాగ్. ఇంట్లో నేర్చుకునే వీలున్న చోట స్త్రీలు కూడా నేర్చుకున్నారు. జహంగీరు కాలానికి చెందిన నాదిరా బాను తన పని మీద తండ్రి పేరు, గురువు ఆకా రిజా పేరు చెప్పుకుంది. సహీఫా బాను పేర కూడా చిత్రాలు నిలిచాయి.

రాళ్ళు మోసినవాళ్ళు బొమ్మలో

అక్బర్‌నామాలో ఫతేపూర్ సిక్రీ నిర్మాణాన్ని చూపే చిత్రం ఉంది. రూపకల్పన తులసి అనే చిత్రకారుడిది. ఎర్రరాయి గోడలు లేస్తుంటాయి. ఒకడు ఉలితో రాయి చీలుస్తుంటాడు, ఒకడు గోడ మీద కూర్చుని అమరుస్తుంటాడు, వాలు బల్లల మీదుగా సున్నం తట్టలు పైకెక్కుతుంటాయి. ఆగ్రా కోట నిర్మాణాన్ని చూపే చిత్రంలోనూ ఇదే సందడి. శ్రీశ్రీ అడిగిన కూలీలు ఇక్కడ కళ్ళెదుట ఉన్నారు.

అయితే తొందరపడి దీన్ని శ్రామికుడికి పట్టిన హారతి అనుకోకూడదు. వందలమంది కూలీలను ఒకచోట చేర్చగలగడం చక్రవర్తి శక్తికి నిదర్శనం. ఆ నిదర్శనం కోసమే ఆ ఘట్టం పుస్తకానికి ఎక్కింది. పాఠం పొగడ్త. బొమ్మ ఉద్దేశమూ పొగడ్తే. కాని ఉద్దేశం ఎంత బలమైనదైనా పనిలో దిగిన చేతికి తన ఎరుక ఉంటుంది. తట్ట ఎత్తుకున్న మెడ ఏ వైపు వంగుతుందో, వాలు బల్ల మీద మడమ ఎలా ఆనుతుందో తులసికి పాఠం చెప్పలేదు, దారోగా చెప్పలేదు. అది చూసి తెలుసుకున్నదే. ప్రభువుల బారులు ఒకే మూసలో నిలబడి ఉంటే, పనిచేసేవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కొక్క తీరుగా కదులుతుంటారు. ఆ కదలిక వల్లనే బొమ్మ ఈనాటికీ నిలిచింది. ప్రబంధంలో నాయికా వర్ణన మధ్య హఠాత్తుగా ఒక పొలం గట్టు కనిపిస్తే మనం ఆగి చదువుతామే, అలాటి చోటిది. ఆస్థానకవిని చదివేటప్పుడు కూడా విమర్శకుడు వెతకవలసినది ఈ చోట్లనే.

పాదపీఠం మీద పేరు

1605లో జహంగీరు గద్దెనెక్కాక పద్ధతి మారింది. అతను శాలను తగ్గించాడు. వందల బొమ్మల మహాగ్రంథాల స్థానంలో విడి చిత్రాలను కూర్చిన ఆల్బములు వచ్చాయి. ఒక బొమ్మ, ఒక చిత్రకారుడు. ఒకే బొమ్మలో కన్ను ఒకరు, కనుబొమ ఒకరు వేసినా ఎవరిది ఏదో చెప్పగలనని జహంగీరు తన జ్ఞాపకాల్లో గొప్పగా రాసుకున్నాడు. శాలలో చోటు దొరకని చిత్రకారులు అబ్దుర్ రహీం ఖానెఖానా వంటి ప్రభువుల దగ్గరకూ, బజారుకూ చేరారు. మిగిలినవాళ్ళకు బిరుదులు వచ్చాయి. అబుల్ హసన్ 'నాదిరుజ్జమాన్' అయ్యాడు, పక్షులను, జంతువులను చిత్రించిన మన్సూర్ 'నాదిరుల్ అస్ర్' అయ్యాడు.

పనితనం ఎంత ఎత్తుకు పోయిందో చెప్పడానికి ఇనాయత్ ఖాన్ చిత్రం ఒక్కటి చాలు. నల్లమందుకు, మద్యానికి బానిసై ఎముకల గూడుగా మారిన ఆ ప్రభువు 1618లో సెలవు అడగడానికి వస్తే, జహంగీరు ఆ ఆకారం చూసి ఆశ్చర్యపడి బొమ్మ గీయమని చిత్రకారులకు ఆజ్ఞ ఇచ్చాడు. మరునాడు ఇనాయత్ ఖాన్ చనిపోయాడు. చచ్చిపోతున్న మనిషిని వింతగా చూసిన చూపు చక్రవర్తిది. కాని బోస్టన్‌లో ఉన్న ఆ రేఖాచిత్రంలో, ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న రంగుల చిత్రంలో వింతను మించినదేదో ఉంది. తలగడల మధ్య ఆ ఛాతీ ఎముకలు, శూన్యంలోకి చూసే ఆ కళ్ళు మృత్యువు గురించి మాట్లాడతాయి. ఆజ్ఞ ఇచ్చినవాడు అడిగినది ఒకటి, చేయి ఇచ్చినది మరొకటి.

అదే పనితనం అబద్ధానికీ కూలి చేసింది. అబుల్ హసన్ వేసిన ఒక చిత్రంలో జహంగీరు భూగోళం మీద నిలబడి, ఈటెకు గుచ్చిన మలిక్ అంబర్ తలను బాణంతో కొడుతుంటాడు. అంబర్ హబ్షీ బానిసగా దక్కనుకు వచ్చి అహమ్మదునగరు రాజ్యాన్ని నిలబెట్టిన సేనాని. జహంగీరు సైన్యాలు అతన్ని పట్టుకోలేకపోయాయి. 1626లో అతను సహజమరణమే పొందాడు. యుద్ధభూమిలో దక్కని తల కాగితం మీద దక్కింది. అబుల్ హసన్‌దే మరొక చిత్రంలో జహంగీరు ఇరాను షా అబ్బాసును కౌగిలించుకుంటాడు. వాళ్ళ పాదాల కింద సింహమూ గొర్రెపిల్లా పడుకుని ఉంటాయి. ఆ ఇద్దరూ జీవితంలో ఎన్నడూ కలుసుకోలేదు. 1622లో షా అబ్బాస్ కాందహారును మొగలుల నుంచి లాక్కున్నాడు. జెసూట్లు 1580 నుంచి తెస్తూ వచ్చిన యూరపు ముద్రణల నుంచి చిత్రకారులు వెలుగునీడలు నేర్చుకున్నారు. ఆ ముద్రణల్లో సాధువుల తలవెనుక ఉండే కాంతివలయాన్ని దర్బారు తన తలవెనుక పెట్టించుకుంది. అక్బర్‌నామా నాటి గుంపు ఈ చిత్రాల్లో లేదు. సున్నం తట్టలు లేవు. మునిగే పడవలు లేవు.

మరి పేరు ఎక్కడుంది? బిచిత్ర్ వేసిన ప్రసిద్ధ చిత్రం చూడండి. జహంగీరు గంటగ్లాసు సింహాసనం మీద కూర్చుని ఒక వృద్ధ సూఫీకి పుస్తకం ఇస్తుంటాడు. కింద తురుష్క సుల్తాను, ఇంగ్లండు రాజు జేమ్స్ నిలబడి ఉంటారు. ఎడమ కింది మూలన ఉన్న నాలుగో మనిషి బిచిత్రేనని కళాచరిత్రకారులు గుర్తిస్తారు. అతని చేతిలో ఒక చిన్న బొమ్మ ఉంది, ఆ బొమ్మలో ఒక మనిషి వంగి సలాము చేస్తున్నాడు. చిత్రకారుడి పేరు చక్రవర్తి పాదపీఠం మీద రాసి ఉంది.

ఇప్పుడు రెండు స్థానాలను పోల్చుకుందాం. అక్బరు కాలంలో పేరు బొమ్మకు బయట ఉంది. గుమాస్తా చేత, ఇతర పనివాళ్ళ పేర్ల పక్కన ఉంది. జహంగీరు కాలంలో పేరు బొమ్మ లోపలికి వచ్చింది, చిత్రకారుడే రాసుకున్నాడు, పక్కన వేరే పనివాడి పేరు లేదు. అంటే కళాకారుడు వ్యక్తిగా గుర్తింపు పొందాడు. కాని ఆ గుర్తింపు దొరికిన చోటు ప్రభువు కాళ్ళ దగ్గర. ఆనాటి చిత్రాల మీద 'ఈ గడప బానిస పని' అన్న అర్థమిచ్చే సంతకాలు మామూలు. షాజహాను చరిత్ర పాద్‌షానామాలో బాల్‌చంద్ కూడా దర్బారు దృశ్యం అట్టడుగు మూలన తనను తాను చిత్రించుకున్నాడు. ఇందులో వినయముంది, గర్వమూ ఉంది. రచయితలకు బిరుదులు, సన్మానాలు కొత్త కాదు గనుక, ఈ రెండు స్థానాల మధ్య తేడాను గురించి మనం నిదానంగా ఆలోచించడం మంచిది.

విడిపోయిన పేజీలు

ఔరంగజేబు పాలనలో చిత్రశాలకు ఆదరణ సన్నగిల్లింది. చిత్రకారులు రాజపుత్ కొలువులకు, పంజాబు కొండల రాజ్యాలకు, అవధ్, ముర్షిదాబాదులకు చెదిరారు. 1739లో నాదిర్షా ఢిల్లీని దోచాడు. తర్వాతి కాలంలో పట్నా, కలకత్తాల్లో ఈ పనితనం వారసులకు కంపెనీ దొరలు కొత్త యజమానులయ్యారు.

పుస్తకాలకు పట్టిన గతి ఇంకా దారుణం. హమ్జానామా 1400 చిత్రాల్లో ఇప్పుడు దొరికేవి రెండువందల లోపు. వాటిలో కొన్ని 1881లో శ్రీనగర్‌లో గాలి రాకుండా కిటికీలకు అడ్డుపెట్టి ఉండగా దొరికాయి. వియన్నా షోన్‌బ్రున్ రాజభవనంలో పద్దెనిమిదో శతాబ్దంలో మొగలు చిత్రాలను ముక్కలుగా కత్తిరించి, కలిపి అతికించి, గది గోడలకు అలంకారంగా బిగించారు. పాద్‌షానామా 1799లో అవధ్ నవాబు కానుకగా ఇంగ్లండు రాజుకు చేరింది. వ్యాపారులు పుస్తకాల కుట్లు విప్పి పేజీ పేజీగా అమ్మారు. కథ ఒక దేశంలో, బొమ్మ మరో దేశంలో మిగిలాయి. పుస్తకంగా పుట్టినది ఆ విధంగా 'మినియేచర్' అయింది, చట్రంలోకి ఎక్కింది. పాఠం ఊడిపోయాక బొమ్మ కేవల సౌందర్యంగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ, జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియంలోనూ మనకు అందుబాటులో సూక్ష్మచిత్రాలున్నాయి. సాహిత్య విద్యార్థి అక్కడికి వెళ్ళినప్పుడు అద్దం దగ్గర కొంచెంసేపు నిలబడి మూడు సంగతులు అడగాలి. ఈ పేజీ ఏ పుస్తకంలోది, దాని వెనక ఏ కథ ఉంది? దీన్ని ఎవరు అడిగారు, వాళ్ళకు దీనివల్ల ఏం కావాలి? ఎన్ని చేతులు దీని మీద పనిచేశాయి, వాటిలో ఏ చేయి అడిగినదాని కన్నా ఎక్కువ ఇచ్చింది? మూడో ప్రశ్నకు జవాబు బొమ్మ మధ్యలో దొరకకపోతే అంచుల్లో, మూలల్లో, కాళ్ళ దగ్గర చూడాలి.

మ్యూజియాల్లోనూ, పాఠ్యపుస్తకాల్లోనూ ఈ చిత్రాల కింద సాధారణంగా 'మొగలు శైలి, అక్బరు కాలం' అనో, 'జహంగీరు కాలం' అనో ఉంటుంది. రాజు పేరు చెబితే కాలం తెలుస్తుంది, నిజమే. కాని పుస్తకశాల గుమాస్తా నాలుగువందల ఏళ్ళ కిందట జీతం లెక్కకోసం రాసిన దానికన్నా తక్కువ సమాచారం మనం ఇవ్వడం సిగ్గుచేటు. ఆ పేర్లు తెలిసినచోటనైనా రాద్దాం. హవాయీ ఏనుగు చిత్రం గురించి రాసే విద్యార్థి దాన్ని 'అక్బరు చిత్రం' అని వదిలేయకుండా 'తర్హ్ బసావన్, అమల్ చేతర్' అని రాయాలి. చేతర్ పేరును రెండో పేరుగానైనా సరే, వదలకుండా రాయాలి.